నల్లగీత కింద పేరు

ఐలీన్ మకార్డెల్ తన ఆవులకు పొదుగువాపు మందు ఎక్కించి ఆ పాలనే తొట్టిలో కలిపేసిందని, పక్క పొలం నోలీన్ ప్రాట్ బేకరీలో చెప్పిందట. బేకరీ ఆవిడ ఆ మాటను పెట్రోలు బంకు ట్రిష్‌కి మోసుకొచ్చింది. ట్రిష్ ఇప్పుడు గల్లా దగ్గర నిలబడి, చిల్లర చేతిలో పట్టుకుని ఇవ్వడం మరిచిపోయి, వెర్నా కాస్టిగన్‌కి చెబుతోంది.

"పాపం అనాలో, కావాలనే చేసిందనాలో తెలీదమ్మా. నోలీన్ ఏమందంటే, 'ఐలీన్‌కి చూపు ఆనడం లేదు, ఏ ఆవుకి మందు పడిందో దేనికి పడలేదో గుర్తుండట్లేదు' అందట. ఇరవై ఆరు వేల లీటర్లు! ట్యాంకర్‌కి ట్యాంకర్ పారబోశారు."

"ఎప్పుడందట?" అంది వెర్నా.

"ఏది?"

"ఆ మాట. బేకరీలో. ఎన్నింటికి?"

"నిన్న, మంగళవారం. ఎనిమిదిన్నర. స్కూలు బస్సు వెళ్ళగానే పొయ్యిలోంచి వేడి మాంసం పైలు బయటికి తీస్తారు కదా, అప్పుడు. ఏం?"

"ఊరికే" అంది వెర్నా. చిల్లర తీసుకుని, చిన్న పుస్తకంలో 8.30 అని రాసి, దాని కింద గీత గీసింది.

కిటికీ పక్క బల్ల దగ్గర పాల ట్యాంకర్ డ్రైవర్ కెల్విన్ మాంసం పై తింటున్నాడు. ట్రిష్ మాట్లాడినంతసేపూ తల ఎత్తలేదు. వెర్నా వెళ్ళి ఎదురు కుర్చీలో కూర్చుంది.

"నేను ఫ్యాక్టరీ మనిషిని తల్లీ" అన్నాడు నోట్లో ముద్ద ఉండగానే. "పోటీ కమిషన్ ఆవిడతో కూర్చున్నానని తెలిస్తే బండి తాళాలు లాక్కుంటారు."

"నాలుగు ముక్కలు చెప్పు చాలు. ఆ పై తినడం అయ్యేలోపు లేచిపోతా. మంగళవారం ఐలీన్ దగ్గరికి ఎన్నింటికి వెళ్ళావ్?"

"ఆరూ యాభైకి గేటు దగ్గర. వెనక్కి నడుపుకుంటూ లోపలికి వెళ్ళేసరికి ఎనిమిది నిమిషాలు. ఏడుకి రెండు తక్కువకి పాలగదిలో ఉన్నా. చల్లదనం మూడు పాయింటు ఎనిమిది. వాసన బాగుంది. కొలబద్ద ముంచా, శాంపిల్ సీసా నింపా, పంపు పెట్టా. చీటీలో అన్నీ ఉన్నాయి."

"మూత ఎలా తీశావ్?"

"తాడు విప్పి. ఆవిడ తొట్టి మూత గొళ్ళెం విరిగి నాలుగేళ్లయింది. తాడుతో కట్టుకుంటుంది. ముడి రాకపోతే కోసి, తలుపు పక్కన బకెట్లో పడేశా."

"ఏం రంగు తాడు?"

కెల్విన్ నమలడం ఆపాడు. "నారింజ. తాడు రంగు చూసి పాలు పట్టించుకుంటానా ఏంటి?"

"అక్కణ్ణుంచి తిన్నగా ఫ్యాక్టరీకేనా?"

అతను పైని ఫోర్కుతో అటూ ఇటూ తిప్పాడు. "ఇంకో మూడు గేట్లకి. టోలన్, వాన్‌డైక్, మెక్రే."

"ఆ మూడూ హార్ట్‌నెల్ కంపెనీకి పాలు పోస్తారు కదా? నీది సహకార ఫ్యాక్టరీ బండి."

"ఏ గేటు చెబితే ఆ గేటుకి పోతా. నాలుగు వారాల్నుంచీ అదే దారి. ఫ్యాక్టరీకి చేరేసరికి తొమ్మిదీ నలభై. ల్యాబ్ వాళ్ళు 'మందు ఉంది' అన్నది పదీ ఐదుకి. నాకు చెప్పింది పదీ పదికి." లేచి టోపీ పెట్టుకున్నాడు. "నేను నీతో మాట్లాడలేదు. సాస్ సీసా అడిగావ్, ఇచ్చా. అంతే."

ల్యాబ్‌కి తెలిసింది పదీ ఐదుకి. నోలీన్ నోటికి తెలిసింది ఎనిమిదిన్నరకి.

ఇంకో రోజైతే వెర్నా ఒళ్ళు ఆ లెక్కకి జివ్వుమనేది. ఈ రోజు మాత్రం కారులో కూర్చుని తాళం తిప్పడానికే చెయ్యి రాలేదు. వెళ్ళాల్సింది ఐలీన్ ఇంటికి. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి?

టారెన్‌డూన్ సహకార ఫ్యాక్టరీని హార్ట్‌నెల్ కొనాలని చూస్తోంది. జిల్లాలో పాలు కొనేవాళ్ళు ఆ ఇద్దరే. ఇద్దరూ ఒకటయితే రైతుకు రెండో గుమ్మం ఉండదు. అందుకే ఆ విలీనానికి కమిషన్ అనుమతి కావాలి, అనుమతి వచ్చేదాకా ఇద్దరూ పోటీదారుల్లాగే మసలుకోవాలి. అలా మసలడం లేదని, రోడ్లు పంచేసుకున్నారని, ఒకరి రైతును ఇంకొకరు పలకరించడం కూడా మానేశారని చెప్పడానికి ముందుకొచ్చింది జిల్లా మొత్తంలో ఒక్క ఐలీన్. మూడు వారాల కిందట ఆమె వంటింటి బల్ల మీద చెయ్యి పెట్టి మరీ వెర్నా మాట ఇచ్చింది. "నీ పేరు బయటికి రాదు. ఆ పూచీ నాది."

పేరు బయటికి వచ్చింది. పాలు నేలపాలయ్యాయి. శుక్రవారం సాయంత్రం కమిషన్ నిర్ణయం. అంటే ఇంకా రెండు రోజులు.

ఆ పేరు తెలిసినవాళ్ళు కమిషన్‌లో ముగ్గురే. వెర్నా, ఆమె పై అధికారిణి హెలెనా, ఫైళ్ళు చూసే లెస్టర్ బెక్‌విత్. లెస్టర్‌కి పదవీ విరమణ ఇంకో రెండేళ్ళలో. అతని అల్లుడు పనిచేసేది హార్ట్‌నెల్ తరఫు లాయరు గ్రేమ్ పాస్క్ ఆఫీసులో. నిన్న సాయంత్రం ఆ సంగతిని హెలెనా చెవిన వేసింది వెర్నాయే. రాత్రికి రాత్రే లెస్టర్‌ని ఇంట్లో కూర్చోమన్నారు.

ఐలీన్ పొలం దారి సన్నం. రెండు పక్కలా సైప్రస్ చెట్ల కంచె, దాని కొమ్మలు ట్యాంకర్ తగిలి ఒకే ఎత్తున విరిగి ఉన్నాయి. మట్టిలో చక్రాల గాడులు వంకరటింకరగా మూడు వందల మీటర్లు లోపలికి పోయాయి. చివర షెడ్డు ముందు కారు తిప్పుకోవడానికే వెర్నాకి నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించాల్సి వచ్చింది.

ఐలీన్ పాలగది గుమ్మంలో నిలబడి ఆ తంతు అంతా చూసింది. అరవై దాటిన మనిషి, రబ్బరు ఏప్రాన్, మోచేతుల దాకా తడి.

"బూట్లు కడుక్కుని రా" అంది. పలకరింపు అంతే.

వెర్నా బ్రష్ తీసుకుని బూట్లు రుద్దింది. అవసరమైన దానికంటే ఎక్కువసేపు రుద్దింది. తల వంచుకుని ఉండడానికి అదొక సాకు.

"ఐలీన్, నిన్న ఫోన్‌లో చెప్పలేకపోయాను..."

"చెప్పేది తర్వాత. అడిగేది అడుగు. మూడుంబావు అయింది, నాలుగింటికి పిండాలి."

"ఆఖరిసారి మందు ఎప్పుడు వాడావ్?"

"మూడు వారాల కిందట. అరవై ఏడో నంబరు ఆవుకి. మందు పడ్డదాని కాలికి ఎర్ర పట్టీ కడతా. ఎర్ర పట్టీ దాన్ని అన్నిటికంటే ఆఖర్న, విడిగా బకెట్లోకి పిండుతా. నేను మరిచిపోయినా అది మరిచిపోదు. పట్టీ కట్టిన రోజు నుంచీ అదే పోయి వరస చివర నిలబడుతుంది." గోడ మీది పలక చూపించింది. తేదీలు, నంబర్లు, చివర అడ్డగీత. "నా కళ్ళు పోయాయని ఊరంతా అంటున్నారట కదా. చదువు, తప్పులున్నాయేమో."

తప్పులు లేవు. మందుల బీరువాలో ఒకటే పెట్టె. పొదుగుకెక్కించే గొట్టాలు ఇరవై నాలుగు, సీలు కూడా తియ్యలేదు. వెర్నా ఫోటో తీసుకుంది. మేకుకి గుచ్చిన చీటీల్లో పైది మంగళవారంది, ఆరూ యాభై ఎనిమిది, మూడు పాయింటు ఎనిమిది. కెల్విన్ మాట సరిపోయింది.

స్టీలు తొట్టికి మూడు మెట్ల నిచ్చెన ఉంది. వెర్నా ఎక్కి మూత చూసింది. విరిగిన గొళ్ళెం చుట్టూ నీలం రంగు ప్లాస్టిక్ తాడు, చిన్న గట్టి ముడి.

"ఇది ఎవరు కట్టారు?"

"నేనే. మంగళవారం కెల్విన్ ఖాళీ చేసి వెళ్ళాక, కడిగి కట్టా."

"ఎప్పుడూ నీలమేనా?"

"నా గడ్డి నేనే కోసి, నేనే చుడతా. చుట్టలకి ఎనిమిదేళ్ళుగా నీలం తాడే. వేరే రంగు ఈ గడప తొక్కలేదు."

తలుపు పక్క బకెట్లో పాత రబ్బరు గొట్టం ముక్కలు, తడి గుడ్డలు. వాటి కింద చెయ్యి పెడితే జానెడు తాడు వచ్చింది. నారింజ రంగు. ముడి పక్కన కత్తితో కోసిన ఆనవాలు. వెర్నా దాన్ని సంచిలో వేసి సీలు చేసింది. ఐలీన్ ఆ సంచినే చూస్తూ ఉండిపోయింది.

"సోమవారం సాయంత్రం పిండినప్పుడు నువ్వు దీన్ని చూడలేదా?"

"పాలు గొట్టంలోంచి పోతాయి. మూతతో నాకేం పని?"

"సోమవారం నువ్వు ఇక్కడ లేని సమయం?"

ఐలీన్ ఈసారి నేరుగా ఆమె ముఖంలోకి చూసింది. "పదింటికి వెళ్ళా. రెండింటికి వచ్చా. ఎక్కడికి వెళ్ళానో నీకు తెలుసు."

తెలుసు. ఊరి గ్రంథాలయం వెనక గదిలో, వెర్నా ఎదురుగా. అదనపు వాంగ్మూలంలో సంతకం పెట్టాల్సిన ప్రతి పేజీనీ ఐలీన్ పెదాలు కదుపుతూ చదివింది. మధ్యలో "టీ తాగుదువు గాని" అని ఇంకో గంట కూర్చోబెట్టింది కూడా వెర్నాయే. ఆ నాలుగు గంటలూ ఈ గదికి కాపలా లేదు.

బయట కారు చప్పుడయింది. తెల్ల కారు, అద్దాల్లా మెరిసే బూట్లు. గ్రేమ్ పాస్క్. ఏడేళ్ళ కిందటిదాకా కమిషన్‌లో వెర్నా పైవాడు. చిన్న చిన్న కాగితాల్లోంచి పెద్ద పెద్ద అబద్ధాలు లాగడం ఆమెకు నేర్పింది అతనే. ఇప్పుడు అటువైపు.

"వెర్నా! ఇంకా అదే కోటా? నేనున్నప్పుడు కొన్నదే కదా."

"చిరగలేదు గ్రేమ్. నీలాగా మార్చే అవసరం రాలేదు."

"బూట్లు కడుక్కో" అంది ఐలీన్ అతనితో.

అతను కడుక్కోలేదు. గుమ్మం బయటే నిలబడి కవరు చాచాడు. "మిసెస్ మకార్డెల్, తనిఖీ అయ్యేదాకా మీ పాలు తీసుకోరు. తనిఖీ వచ్చే బుధవారం. దీని నకలు కమిషన్‌కీ పంపాం. ఫ్యాక్టరీ మీద కోపం పెట్టుకున్న మనిషి వాంగ్మూలానికి ఎంత విలువ ఇవ్వాలో వాళ్ళే చూసుకుంటారు."

"వచ్చే బుధవారమా?" అంది ఐలీన్. "నా ఆవులకి చెప్పావా ఆ మాట?"

వెర్నా ఇద్దరి మధ్యకీ వచ్చింది. "టోలన్, వాన్‌డైక్, మెక్రే. ఈ పేర్లు విన్నావా గ్రేమ్?"

"రైతులు కాబోలు."

"హార్ట్‌నెల్ రైతులు. మంగళవారం ఆ మూడు గేట్లలోనూ పాలు పట్టింది సహకార ఫ్యాక్టరీ ట్యాంకర్. అమ్మకానికి అనుమతి రాలేదు. మరి మీ వాళ్ళు అప్పుడే కాపురం ఎలా పెట్టేశారు?"

అతని కనుబొమ్మ ఒక్కటి కదిలింది. "డ్రైవర్లు అప్పుడప్పుడు దారి తప్పుతారు."

"నాలుగు వారాల పాటా? ఆ మూడు గేట్ల చీటీలు తెప్పిస్తే దారి తప్పింది ఎవరో తేలుతుంది. ఇంకొకటి అడుగుతా, దానికీ జవాబు చెప్పు. లెస్టర్‌కి ఏం ఆశ పెట్టావ్?"

"ఏ లెస్టర్?" అన్నాడు పాస్క్. ఆ తర్వాత అర్థమైంది. అతని ముఖంలోంచి వెటకారం జారిపోయింది. దాని స్థానంలో వచ్చింది జాలి. వెర్నాకి అదే ఎక్కువ భయం వేసింది. "నువ్వు లెస్టర్ బెక్‌విత్‌ని ఇంటికి పంపించావా?"

"అడిగినదానికి చెప్పు."

"నేను ఎవర్నీ ఏమీ అడగలేదు వెర్నా. పోయిన శుక్రవారం మీరు మీ వెబ్‌సైట్‌లో పెట్టారే, పేరు చెరిపిన వాంగ్మూలం, ఆ కాగితాన్ని సహకార ఫ్యాక్టరీ డైరెక్టర్లకి పంపాను. పంపడం నా పని. చదివితే నాకు ఎవరో తెలీలేదు, ఒట్టు. ఆదివారం మధ్యాహ్నానికి వాళ్ళు ఆరుగురికీ తెలుసు. ఎలా తెలిసిందని నేను అడగలేదు. అడక్కపోవడం కూడా నా పనే."

అబద్ధం ఆడేటప్పుడు పాస్క్ ఉంగరం తిప్పుకుంటాడు. పన్నెండేళ్ళు పక్కన కూర్చుని చూసింది. ఇప్పుడు ఉంగరం కదల్లేదు.

ఆ శుక్రవారం కాగితం వెర్నా స్వయంగా తయారు చేసింది. పేరు మీద నల్లగీత. పొలం పేరు మీద నల్లగీత. ఆవుల సంఖ్య, రోడ్డు పేరు, ఎన్నేళ్ళ నుంచి పాలు పోస్తోందో, అన్నిటి మీదా నల్లగీత. రెండుసార్లు సరిచూసుకుంది. అందులోంచి మనిషిని పట్టుకోవడం ఎవరివల్లా కాదు.

సందు చివర్నుంచి ఇంకో బండి వచ్చింది. వెనక గడ్డి చుట్టలు వేసుకున్న పాత ట్రక్కు. సందు మధ్య తెల్ల కారు అడ్డంగా ఉండడంతో అక్కడే ఆపి, నోలీన్ ప్రాట్ దిగింది. చేతిలో గాజు పళ్ళెం, పైన వెండి కాగితం. సహకార ఫ్యాక్టరీ డైరెక్టర్ మర్రే ప్రాట్ భార్య. ఐలీన్ కంచెకు ముప్పై ఏళ్ళుగా అవతలివైపు మనిషి.

"టూనా చేప బేక్ చేశానే ఐలీన్. వంట చేసుకునే ఓపిక ఎక్కడుంటుందిలే నీకు అని..." మిగతా ఇద్దర్నీ చూసి ఆగింది. "ఓ. చుట్టాలున్నారా."

ఇక్కడ కష్టం వచ్చిన ఇంటికి వంట పళ్ళెం రావడం మామూలే. పళ్ళెం అడుగున అంటించిన టేపు మీద సొంతదారు పేరుంటుంది, తిరిగి పంపడం కోసం. వెర్నా పళ్ళెం వైపు చూడలేదు. ట్రక్కు దాకా నడిచి, గడ్డి చుట్టల చుట్టూ బిగించిన తాడు చూసింది. నారింజ రంగు.

"నోలీన్, మంగళవారం ఎనిమిదిన్నరకి మీరు బేకరీలో ఉన్నారు."

"ఉంటాను. పై కోసం."

"ఐలీన్ పాలల్లో మందు పడిందని బేకరీ ఆవిడకి చెప్పారు."

"ఊరంతా చెప్పుకున్నదేగా!"

"ఎనిమిదిన్నరకి ఊళ్ళో ఎవరికీ తెలీదు. ల్యాబ్‌కే తెలీదు. వాళ్ళకి తెలిసింది పదీ ఐదుకి."

"అదేం మాట? ఐలీన్ ఆఖరి గేటు. బండి ఎనిమిదికల్లా ఫ్యాక్టరీలో ఉంటుంది, పదిహేను నిమిషాల్లో చెప్పేస్తారు."

"ఒకప్పుడు. నాలుగు వారాల్నుంచీ ఐలీన్ తర్వాత ఇంకో మూడు గేట్లున్నాయి. మీ పాలు వేరే బండిలో పోతాయి కాబట్టి మీకు తెలియలేదు."

పాస్క్ మెల్లిగా, "మిసెస్ ప్రాట్, మీరు మాట్లాడాల్సిన అవసరం లేదు" అన్నాడు. ఆమె వినలేదు. ఆమె చూస్తున్నది వెర్నాని కాదు, పాస్క్‌ని కాదు. పాలగది గుమ్మంలో చేతులు తుడుచుకుంటున్న ఐలీన్‌ని.

"రెండు మందు గొట్టాలే ఐలీన్. రెండంటే రెండే. సోమవారం నీ కారు వెళ్ళడం చూసి వచ్చా. ఒక్కసారి పాలు తిప్పి పంపితే భయపడి ఊరుకుంటావనుకున్నా. నీ తాడు ముడి విప్పలేక తెగ్గోశా, ట్రక్కులోది తెచ్చి కట్టా." పళ్ళేన్ని ఛాతీకి అదుముకుంది. "మర్రే మోకాళ్ళు రెండూ పోయాయి. కూర్చుంటే లేవలేడు. ఫ్యాక్టరీ అమ్ముడైతే షేర్ల డబ్బు వస్తుంది, ఇంక మానేద్దాం అనుకున్నాం. నాలుగున్నరకి లేవడం ముప్పై ఏళ్ళయిందే. నీకు తెలీదా అది? నువ్వేమో దానికి అడ్డం..."

ఐలీన్ తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

"అడ్డం నిలబడింది ఐలీనే అని మీకు ఎవరు చెప్పారు?" అంది వెర్నా.

నోలీన్ ఆశ్చర్యపోయింది. "మీరే!"

"నేనా?"

"మీ కాగితమే కదమ్మా. నాలుగో పేజీ. ఆదివారం భోజనాల దగ్గర మర్రే పైకి చదివాడు. 'మా పెరట్లో ట్యాంకర్ తిరిగే చోటు లేదు. గేటు దగ్గర్నుంచి వెనక్కి నడుపుకుంటూ రావాలి. అందుకు ఒప్పుకునే డ్రైవర్లు జిల్లాలో ఇద్దరే. ఈ కంపెనీ వద్దంటే నాకు ఇంకో బండి రాదు.' చదవడం అవకుండానే బల్ల చుట్టూ అందరం నవ్వాం. జిల్లాలో బండి వెనక్కి నడుపుకుంటూ వెళ్ళే సందు ఇంకెక్కడుంది? మా చంటి మనవడు కూడా చెప్తాడు అది ఐలీన్ ఆంటీ ఇల్లని."

వెర్నా తల తిప్పి సందు చూసింది. ఒకే ఎత్తున విరిగిన కొమ్మలు. వంకర గాడులు. ఇందాక కారుని నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించింది తనే.

ఆ మూడు వాక్యాలు ఆమెకు గుర్తున్నాయి. గుర్తుండడం కాదు, అవంటే ఆమెకు ముద్దు. కేసు మొత్తం ఆ మూడు వాక్యాల్లో ఉందని హెలెనాతో మురిసిపోతూ చెప్పింది. పేజీ నిండా నల్లగీతలు పెట్టుకుంటూ వచ్చి, అక్కడికి రాగానే వేలు ఆపింది. ఇంత బాగున్నదాన్ని చెరిపేస్తే ఎలా అనుకుంది. లెస్టర్ ఆ పేజీ చూసి, "ఇది కూడా మూసేస్తే మంచిదేమో" అని పెన్సిల్‌తో చిన్న ప్రశ్న గుర్తు పెట్టాడు. ఆ గుర్తును ఆమె రబ్బరుతో చెరిపింది.

అవును. చెరిపింది. ఇప్పుడు గుర్తొచ్చింది. చెవులు కాలిపోయాయి.

"ఇటు రా వెర్నా" అన్నాడు పాస్క్. నాలుగడుగులు పక్కకు తీసుకెళ్ళాడు. పాతరోజుల్లో ఆఫీసు వరండాలో మాట్లాడినట్టే, తగ్గు స్వరంతో. "చూడు. ఈ తాడు ముక్క, ఈ ముసలావిడ ఏడుపు, ఇవి నిలబడాలంటే ఐలీన్ పేరు ప్రాట్‌లకు ఎలా తెలిసిందో నువ్వు రాయాలి. అది రాసిన మరుక్షణం కేసులో నువ్వే సాక్షివి. ఫైలు నీ చేతిలో ఉండదు. శుక్రవారం లోపు కొత్తవాడు వచ్చి చదవలేడు. మొత్తం పోతుంది."

"లేకపోతే?"

"ల్యాబ్‌లో పొరపాటు జరిగి ఉండొచ్చని ఫ్యాక్టరీ అనుకోవచ్చు. రేపు పొద్దున్నే బండి రావొచ్చు. ఈవిడ మనసు మార్చుకుని వాంగ్మూలం వెనక్కి తీసుకోవచ్చు. ఎవరి పరువూ పోదు. లెస్టర్‌కి ఎలాగూ రెండేళ్ళే ఉంది."

ఈ మాటలంటున్నప్పుడు అతను ఉంగరం తిప్పుకుంటున్నాడు. బండి నిజంగా వస్తుందో రాదో. కానీ వెర్నాని ఆపింది అది కాదు. 'ఎవరి పరువూ పోదు' అన్నప్పుడు తన ఛాతీలో ఒక్క క్షణం తేలికగా అనిపించింది. ఆ తేలికకే ఆమెకు ఎక్కువ సిగ్గేసింది.

ఫోన్ తీసింది. అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టి, పాలగది గుమ్మం దగ్గరికి నడిచి, ఐలీన్ ముందు నిలబడి హెలెనాకి ఫోన్ చేసింది.

"హెలెనా, లెస్టర్‌ని వెనక్కి పిలవండి. పేరు బయటపెట్టింది అతను కాదు. నేను. నాలుగో పేజీలో ట్యాంకర్ వాక్యాలు వదిలేశాను. అతను వద్దన్నాడు, నేను వినలేదు. ఆ సంగతి మరిచిపోయి అతని మీద చెప్పాను."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"ఇప్పుడు ఎక్కడున్నావ్?"

"ఐలీన్ మకార్డెల్ పాలగదిలో. మందు కలిపినావిడ ఒప్పుకుంది. తాడు ముక్క సంచిలో ఉంది. సహకార ట్యాంకర్ హార్ట్‌నెల్ గేట్లకి వెళ్తున్నట్టు డ్రైవర్ నోటిమాట ఉంది, చీటీలు వెంటనే స్వాధీనం చేసుకోవాలి. పక్కనే గ్రేమ్ పాస్క్ ఉన్నాడు, వింటున్నాడు."

"ఇక నువ్వు దేన్నీ ముట్టుకోకు. ఎవరితోనూ మాట్లాడకు. రేపు ఇంకొకరిని పంపుతాను. వెర్నా..." హెలెనా ఆగింది. "ఆ లెస్టర్ నిన్న నా గదిలో ఒక్క మాట కూడా నీ మీద చెప్పలేదు. తెలుసా?"

ఫోన్ ఆగిపోయింది. పాస్క్ అప్పటికే తన ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. "చీటీలు" అన్న మాట రెండుసార్లు వినబడింది. రేపు వచ్చే మనిషి కంటే ముందు ఫ్యాక్టరీకి ఎవరు చేరతారో వెర్నాకి తెలిసిపోయింది. ఆపే అధికారం ఐదు నిమిషాల కిందట ఉండేది.

షెడ్డు వెనక గేటు దగ్గర ఆవులు ఒకదాని వెనక ఒకటి చేరుతున్నాయి. నాలుగింటికి ఎవరూ పిలవక్కర్లేదు, వాటికే తెలుసు. నిండిన పొదుగులతో గేటుకు ఆనుకుని, ఒకటి అరిచింది. ఇంకొకటి అందుకుంది.

నోలీన్ ఇంకా పళ్ళెం పట్టుకునే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని మెల్లిగా నిచ్చెన మెట్టు మీద పెట్టింది. ఐలీన్ దాన్ని తీసి, ఎత్తి అడుగున చూసింది. ప్రాట్ అని టేపు మీద నల్ల అక్షరాలు.

"మా దగ్గర పళ్ళేనికి పేరు రాసుకుంటాం" అంది, ఎవరి వంకా చూడకుండా. "మనిషికి అక్కర్లేదు. సందు చూస్తే చాలు."

"ఐలీన్" అంది వెర్నా. "నన్ను క్షమించు. నీ బల్ల మీద చెయ్యి పెట్టి చెప్పాను. ఇదంతా నావల్ల..."

ఐలీన్ పళ్ళేన్ని నోలీన్ చేతిలో పెట్టేసింది. ఏప్రాన్ ముడి బిగించుకుంది.

"క్షమించడానికేముంది తల్లీ, తీరిగ్గా చూద్దాం. నిన్నటి పాలతో తొట్టి నిండింది. పొద్దున్నవి పేడగుంటలో పోశా, అదీ నిండింది. నూట ఎనభై ఆవులు గేటు దగ్గర నిలబడ్డాయి. ఇప్పుడు పిండబోయేవి ఎక్కడ పొయ్యమంటావో అది చెప్పు."